అందరి గోడూ విన్న డొరొతీ డిక్స్

గుండెల్లో గూడుకట్టుకున్న బాధ ఎవరితో చెప్పుకుంటాం? పక్కింటి పిన్నిగారితోనో, చిన్ననాటి నేస్తంతోనో, పుట్టింటికెళ్లినప్పుడు అమ్మమ్మ పక్కన పడుకునో! మరి అలా చెప్పుకోవడానికి ఎవరూ లేనివాళ్లు? చెబితే ఇంటి గుట్టు బజారున పడుతుందేమోనని భయపడేవాళ్లు? అలాంటి లక్షలాది మందికి యాభై ఏళ్లకు పైగా ఓ పేరు దిక్కయింది. ఆ పేరే డొరొతీ డిక్స్. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో కూర్చుని, ఎప్పుడూ చూడని మనుషుల గోడు విని, దారి చెప్పడమే వృత్తిగా బతికిన మహిళ.

ఇప్పుడైతే ఈ పనికి 'లైఫ్ కోచ్' అని పేరుంది. శిక్షణ తరగతులున్నాయి, సర్టిఫికెట్లున్నాయి. డొరొతీ కాలానికి ఆ మాటే పుట్టలేదు. చేతిలో పెద్ద చదువు లేదు. ఆస్తి లేదు. ఆరోగ్యం అంతంతమాత్రం. ఇంట్లో భర్త మనసు కుదురుగా లేదు. ముప్ఫై మూడో ఏట వారానికి 5 డాలర్ల జీతానికి చేరిన ఆమె, దేశదేశాల ఆడవాళ్లకు ఆప్తురాలు ఎలా అయ్యింది? అందరి కాపురాలూ చక్కదిద్దుకునే మార్గం చెప్పిన మనిషి తన కాపురం సంగతి ఏం చేసుకుంది?

కలిగిన ఇల్లు... కరిగిన సిరి

డొరొతీ డిక్స్ అన్నది కలం పేరు. అసలు పేరు ఎలిజబెత్ మెరీవెదర్. 1861 నవంబరు 18న టెన్నెసీ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీలో, ఉడ్‌స్టాక్ అనే తమ సొంత క్షేత్రంలో పుట్టింది. పేరున్న కుటుంబమే. భూములూ, బానిసలూ ఉన్న ఇల్లు. అయితే ఆమె పుట్టిన ఏడాదే అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. 1865లో అది ముగిసేసరికి దక్షిణాది రాష్ట్రాల్లోని చాలా కుటుంబాల్లాగే వీళ్ల సిరి కూడా కరిగిపోయింది. ఇంటి పేరు మిగిలింది, ఇనప్పెట్టె ఖాళీ అయింది.

చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ రోజుల్లో ఆ ప్రాంతపు ఆడపిల్లలకు చెప్పించిన చదువు ఎంతని! మర్యాదగా కూర్చోవడం, నాలుగు ముక్కలు చక్కగా రాయడం, ఆపైన పెళ్లి. ఎలిజబెత్ కూడా క్లార్క్స్‌విల్‌లో కొంతకాలం, వర్జీనియాలోని హాలిన్స్ విద్యాసంస్థలో మరి కొన్నాళ్లు చదివింది. అంతే. కాకపోతే పుస్తకాలంటే ప్రాణం. తరగతి గదిలో దొరకని చదువును పుస్తకాల్లో వెతుక్కుంది. ఆ అలవాటే తర్వాత అన్నం పెట్టింది.

1882లో సవతి తల్లి తమ్ముడు జార్జ్ గిల్మర్‌తో పెళ్లయింది. మేనరికం లాంటి సంబంధమే అనుకోండి. తెలిసిన మనిషి, తెలిసిన ఇల్లు... ఇంకేం కావాలి అనుకునే ఉంటారు పెద్దవాళ్లు. కానీ తెలిసిన సంబంధమని తలపోసిందే ఆమె బతుకులో అన్నిటికన్నా పెద్ద బరువైంది. జార్జ్ మనసు నిలకడగా ఉండేది కాదు. ఉద్యోగంలోనూ అంతే. ఈరోజు ఒకలా ఉన్న మనిషి రేపు ఎలా ఉంటాడో తెలియదు. అది జబ్బు అని గుర్తించే రోజులు కావవి. గుర్తించినా చేయగల వైద్యం కూడా పెద్దగా లేదు. బయటికి చెప్పుకోవడం పరువుతక్కువ. భార్య సర్దుకుపోవాలి... లోకం చెప్పింది అంతే!

ఆమె పదేళ్లు సర్దుకుపోయింది. 1890ల మొదట్లో శరీరం, మనసు రెండూ మొరాయించాయి. మంచం పట్టింది. అప్పట్లో దాన్ని 'నెర్వస్ బ్రేక్‌డౌన్' అనేవారు. గాలి మార్పు కోసమని ఇంట్లోవాళ్లు ఆమెను మిసిసిపీ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున ఉన్న బే సెయింట్ లూయీ అనే చిన్న ఊరికి పంపారు.

పక్కింటావిడ తలుపు తీసింది

అదృష్టం ఒక్కోసారి పక్కింటావిడ రూపంలో వస్తుంది. బే సెయింట్ లూయీలో పక్కింట్లో ఉండే ఆవిడ పేరు ఎలైజా నికల్సన్. ఆమె కథే ఓ కథ. న్యూ ఆర్లీన్స్ నుంచి వెలువడే 'డైలీ పికయూన్' పత్రికకు యజమానురాలు. 1876లో మొదటి భర్త చనిపోతే పత్రికతో పాటు కొండంత అప్పు కూడా ఆమె చేతికొచ్చింది. ఆడవాళ్లకు పత్రికలెందుకు, అమ్మేసి హాయిగా ఉండమన్న సలహాలను పక్కకు పెట్టి తనే నడిపింది. అప్పు తీర్చింది. ఆడవాళ్లూ, పిల్లలూ చదువుకునే శీర్షికలు పెట్టి పత్రికను ఇంటింటికీ చేర్చింది. అమెరికాలో ఒక పెద్ద దినపత్రికను నడిపిన తొలి మహిళల్లో ఆమె ఒకరు.

కోలుకుంటున్న ఎలిజబెత్ పొద్దుపోక కథలు రాసుకునేది. వాటిలో ఒకటి నికల్సన్ కంట పడింది. చదివి ఊరుకోలేదు, 3 డాలర్లిచ్చి తన పత్రిక కోసం కొనుక్కుంది. ఆ 3 డాలర్లు చూసి మనమైతే ఏమనుకుంటామో గానీ, ముప్ఫై దాటిన ఆ ఇల్లాలికి అది కొత్త ఊపిరి. తన రాతకు ఖరీదుంది! తను మంచాన పడ్డ రోగి మాత్రమే కాదు, పనికొచ్చే మనిషి!

1894లో నికల్సన్ ఆమెకు పికయూన్‌లో ఉద్యోగం ఇచ్చింది. వారానికి 5 డాలర్లు. ఇందులో రెండు సంగతులు గమనించాలి. నికల్సన్ జాలిపడి డబ్బు సాయం చేయలేదు, పని ఇచ్చింది. ఎలిజబెత్ కూడా ఇంత తక్కువకా అని ముఖం చిట్లించలేదు, చేరింది.

జననమరణాల పట్టికతో మొదలు

మొదటిరోజే పెద్ద వ్యాసాలు రాయమని ఎవరూ అడగలేదు. ఊళ్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అన్న వివరాలు సేకరించి రాయడం ఆమె తొలి పని. ఆ పనినే శ్రద్ధగా చేసింది. రాత్రిళ్లు నిఘంటువు ముందేసుకుని మాటలు నేర్చుకుంది. ఏ వార్త ఎందుకు చదవబుద్ధవుతోంది, ఏది మధ్యలో విసుగనిపిస్తోంది అని పత్రికలు తిరగేసి చూసుకుంది. పత్రిక సంపాదకుడు మేజర్ నేథనియల్ బర్‌బ్యాంక్ దగ్గర పాఠాలు దిద్దుకుంది. ఏ శిక్షణ సంస్థా ఇవ్వని శిక్షణ అది.

కొద్దికాలానికే ఆడవాళ్ల కోసం వారం వారం ఏదైనా రాయమని అడిగారు. పేరు కావాలి. మంచి కుటుంబాల ఆడవాళ్లు పత్రికల్లో సొంత పేరుతో రాయడం అప్పటికింకా పెద్దరికం అనిపించుకోలేదు. డొరొతీ అన్న పేరు ఆమెకు ఇష్టం. ఇక 'డిక్స్' వెనకున్న సంగతి వేరు. వాళ్లింట్లో బానిసగా ఉన్న ఒక వృద్ధుణ్ని మిస్టర్ డిక్స్ అని పిలిచేవారట. యుద్ధంలో సైనికులు దోచుకుపోకుండా ఇంటి వెండి సామాను దాచిపెట్టింది ఆయనేనని ఆ కుటుంబంలో చెప్పుకునేవారు. ఆయన పేరు నుంచి సగం తీసుకుని డొరొతీ డిక్స్ అయ్యింది.

ఆ శీర్షిక మొదట 'సండే సలాడ్' పేరుతో వచ్చింది. 1896 కల్లా 'డొరొతీ డిక్స్ టాక్స్' అయ్యింది. అంటే డొరొతీ డిక్స్ ముచ్చట్లు అనుకుందాం. ఆ ఏడాదే నికల్సన్ దంపతులిద్దరూ కొద్దిరోజుల తేడాతో కన్నుమూశారు. తలుపు తీసిన మనిషి పోయింది. కానీ అప్పటికే డొరొతీకి తన కాళ్ల మీద తను నిలబడగలనన్న ధైర్యం వచ్చేసింది.

పువ్వులు కాదు... నిజాలు

ఆ రోజుల్లో ఆడవాళ్ల కోసం రాసే రాతలు ఎలా ఉండేవో తెలుసా? ఇల్లాలంటే దేవత, సహనమే ఆభరణం, కన్నీరే కవిత్వం... అన్నీ పూలదండల్లాంటి మాటలే. డొరొతీ అలా రాయలేదు. కాపురంలో డబ్బు గొడవలు, అత్తాకోడళ్ల పట్టింపులు, తాగివచ్చే మగడు, పిల్లల్ని గారం చేసి చెడగొట్టే తల్లులు, పెళ్లికాకుండా మిగిలిపోతామేమోనని ఎవర్నో ఒకర్ని కట్టుకునే అమ్మాయిలు... ఇవి రాసింది. అదీ వంటింటి గడపలో కూర్చుని చెబుతున్నట్టు, చిన్న చిన్న మాటల్లో, మధ్య మధ్య నవ్విస్తూ. ఓదార్పుతో పాటు అవసరమైతే మొట్టికాయ కూడా ఉండేది. చదివినవాళ్లకు ఇది మన ఇంటి సంగతే కదా అనిపించింది. అంతే, ఉత్తరాలు మొదలయ్యాయి.

ఆమె పదేపదే చెప్పిన మాట ఒకటుంది. ప్రతి ఆడపిల్లా పెళ్లికి ముందే సొంతంగా సంపాదించుకునే పని ఒకటి నేర్చుకోవాలి. భర్త మంచివాడైనా సరే, ఇల్లు కలిగిందైనా సరే. చేతిలో పని ఉన్న అమ్మాయి భయంతో పెళ్లి చేసుకోదు, భయంతో కాపురంలో పడి ఉండదు. ఈ మాట ఆమె పుస్తకాల్లో చదివి చెప్పింది కాదు. పదేళ్ల కాపురంలో తన దగ్గర లేక తను పడ్డ బాధ అది.

ఇంటిపని కూడా పనేనని గట్టిగా వాదించింది. 1903లో న్యూ ఆర్లీన్స్‌లో మహిళల ఓటుహక్కు కోసం పోరాడే జాతీయ సంఘం మహాసభ జరిగింది. అక్కడ ఆమె మాట్లాడింది చీపురు పట్టిన ఆడమనిషి గురించి. పొలంలో నడుం వంచే మగవాడి కష్టం మీద అప్పట్లో ఓ కవిత అమెరికాలో ఊరూరా మారుమోగుతుండేది. మరి జీతంలేని, సెలవులేని చాకిరీలో నడుం వంగిపోయిన ఇల్లాలి మాటేమిటని ఆమె నిలదీసింది. అమెరికాలో ఆడవాళ్లకు దేశమంతటా ఓటుహక్కు 1920లో వచ్చింది. ఆ మాట అంతకు చాలాముందే ఇంటింటి వంటగదికీ చేరవేసిన కలాల్లో ఆమెదీ ఒకటి.

కోర్టు గదుల్లో మనుషుల్ని చదివింది

1901లో పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్‌స్ట్ ఆమెను న్యూయార్క్‌కు పిలిపించుకున్నాడు. 'న్యూయార్క్ జర్నల్'లో ఉద్యోగం. సలహాల శీర్షికతో పాటు ఇంకో పని కూడా మీద పడింది. పెద్ద పెద్ద హత్యకేసుల విచారణ చూసి రాయడం! 1907లో హ్యారీ థా అనే కోటీశ్వరుడి హత్యకేసు న్యూయార్క్‌ను ఊపేసింది. ఆ విచారణ రాసిన నలుగురు మహిళా విలేకరుల్లో డొరొతీ ఒకరు. ఆ నలుగుర్నీ మగ విలేకరులు ఏడుపుగొట్టు అక్కలంటూ ఎగతాళి చేశారు. మగవాళ్లు అదే కేసును అంతకన్నా రసవత్తరంగా రాసినా వాళ్లకు ఆ బిరుదు రాలేదు మరి!

సున్నితంగా పెరిగిన దక్షిణాది ఇల్లాలికి హత్యలు, రక్తపు మరకలు, బోనులో నిలబడ్డ మనుషులు... తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ కోర్టు గదులే ఆమెకు పెద్ద బడి అయ్యాయి. కట్టుకున్నవాణ్ని చంపేదాకా ఒక ఆడదాన్ని ఏది నెట్టింది? పెద్దింటి కాపురం గోడల వెనుక ఏం జరుగుతుంది? అసూయ ఎలా మొదలై ఎక్కడ తేలుతుంది? ఇవన్నీ కళ్లారా చూసింది. ఒకరికి సలహా చెప్పాలంటే ముందు మనిషిని చదవాలి. ఆమె మనుషుల్ని అలా చదివింది.

అయితే మనసెప్పుడూ ఉత్తరాల మీదే. 1910ల్లో ఒక సిండికేట్‌తో ఒప్పందం కుదిరింది. సిండికేట్ అంటే ఒకరు రాసింది అనేక పత్రికలకు ఒకేసారి అందించే సంస్థ. దాంతో న్యూయార్క్‌లోనే కూర్చోవాల్సిన పనిలేకపోయింది. తిరిగి న్యూ ఆర్లీన్స్ చేరింది. 1923లో ఫిలడెల్ఫియాలోని పబ్లిక్ లెడ్జర్ సిండికేట్‌కు మారాక ఆమె రాతలు దేశదేశాలకూ వెళ్లాయి. తర్వాత 1926లో, అరవై అయిదేళ్ల వయసులో మళ్లీ ఓసారి కోర్టుకు వెళ్లి న్యూజెర్సీలోని హాల్-మిల్స్ హత్యకేసు విచారణ రాసిందంటే ఓపిక చూడండి!

ఏడాదికి లక్ష ఉత్తరాలు

1940 ప్రాంతానికి డొరొతీ డిక్స్‌కు ఏడాదికి లక్ష దాకా ఉత్తరాలు వచ్చేవి. వేర్వేరు కాలాల్లో 273 పత్రికలు ఆమె శీర్షికను వేశాయి. అమెరికా, కెనడా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, చైనా... చదివేవాళ్లు ఆరు కోట్లమంది ఉంటారని అంచనా. తన కాలంలో అందరికన్నా ఎక్కువ సంపాదించే మహిళా పాత్రికేయురాలిగా పేరొచ్చింది. వారానికి 5 డాలర్లతో మొదలైన మనిషి!

పత్రికల్లో సలహాలు చెప్పడం ఆమే కనిపెట్టిందేమీ కాదు. 1690ల్లోనే లండన్‌లో జాన్ డంటన్ అనే ఆయన పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే పత్రిక నడిపాడు. అమెరికాలో 1898లో మేరీ మ్యానింగ్ 'బియాట్రిస్ ఫెయిర్‌ఫాక్స్' అన్న పేరుతో ప్రేమ సమస్యలకు జవాబులు రాసింది. కానీ ఇన్నేళ్లు, ఇంతమందికి, ఒకే గొంతుతో ఊరట ఇచ్చింది మాత్రం డొరొతీయే. మనకూ అలాంటి గొంతు ఒకటుండేది కదా! ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికతో దశాబ్దాలపాటు మాలతీ చందూర్ ఇచ్చిన జవాబుల కోసం మన అమ్మలూ, పిన్నులూ ఎంతగా ఎదురుచూసేవాళ్లో గుర్తు చేసుకుంటే చాలు, డొరొతీకి అంతమంది ఎందుకు రాశారో తెలిసిపోతుంది.

ఆమె చెప్పిన సలహాల్లో అన్నిటికన్నా పేరొచ్చింది సంతోషంగా బతకడానికి చెప్పిన పది సూత్రాలు. పాఠకులు మళ్లీ మళ్లీ అడిగేవారు, పత్రికలు మళ్లీ మళ్లీ అచ్చువేసేవి. వాటి సారం ఏమిటంటే... సంతోషంగా ఉండాలని ముందు మనమే తీర్మానించుకోవాలి. దొరికిన బతుకును వీలైనంత చక్కబరచుకోవాలి. మన గురించి మనం మరీ పెద్దగా అనుకోకూడదు. ఎదుటివాళ్ల మాటలు మరీ పట్టించుకోకూడదు. రాబోయే కష్టాలు ఇప్పుడే అరువు తెచ్చుకోకూడదు. పగలు పెంచుకోకూడదు. అయిపోయినదాన్ని తవ్వుకుంటూ కూర్చోకూడదు. నలుగురితో కలవాలి. మనకన్నా కష్టంలో ఉన్నవాళ్లకు చేతనైంది చేయాలి. చేతికెప్పుడూ ఏదో ఒక పని ఉండాలి. వినడానికి ఎంత తేలిక! ఆచరించడానికి ఎంత కష్టమో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

అందరికీ చెప్పింది... తనకు?

ఇక్కడే అసలు ప్రశ్న. ఆరు కోట్లమందికి దారి చెప్పిన ఆమె ఇల్లు ఏమైంది?

జార్జ్ బాగుపడలేదు. భార్య పేరు పెరిగేకొద్దీ, సంపాదన పెరిగేకొద్దీ అతని మనసు ఇంకా పట్టుతప్పింది. పగలంతా ఊరివాళ్ల కాపురాల గురించి ఆలోచించి రాసిన మనిషి ఇంటికొచ్చి ఈ తుపానును భరించేది. పిల్లలు లేరు. విడాకులు తీసుకోలేదు. దూరమైనా వదిలిపెట్టలేదు. చివరికి జార్జ్ 1929లో మానసిక వైద్యశాలలో కన్నుమూశాడు. నలభై ఏడేళ్ల వివాహబంధం అలా ముగిసింది.

ఉత్తరం రాసిన ఏ పాఠకురాలికీ ఈ సంగతులు తెలియవు. అయినా ఆమె జవాబుల్లో ఏదో పట్టు ఉందని వాళ్లకు తెలిసేది. మీ బాధ నాకు అర్థమైందని ఉత్తినే అన్న మాటకూ, అదే బాధలో మునిగి తేలినావిడ చెప్పిన మాటకూ తేడా చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అయితే ఆమె తన కథను శీర్షికలోకి తెచ్చి జాలి అడగలేదు. నేనింత పడ్డాను, మీరూ పడండి అనీ దబాయించలేదు. ఎవరి ఉత్తరం వాళ్లదే, ఎవరి బతుకు వాళ్లదే. ఈ గీత దాటకపోవడమే ఆమె గొప్పతనం.

అలాగని ఆమె చెప్పిందంతా వేదం కాదు. 1939లో వచ్చిన ఆమె పుస్తకం భర్తను గెలుచుకోవడం, నిలబెట్టుకోవడం ఎలా అన్నదాని మీద. పేరులోనే కనిపిస్తోంది చూడండి, కాపురం నిలబెట్టే బరువంతా భార్య నెత్తిమీదే! ఒకవైపు నీ కాళ్లమీద నువ్వు నిలబడమంటూనే ఇంకోవైపు ఎలాగోలా మగణ్ని మంచి చేసుకోమని చెప్పిన సందర్భాలు ఎన్నో. నల్లజాతి పనిమనిషి మాట్లాడుతున్నట్టు 'మిరాండీ' పేరుతో ఆమె రాసిన హాస్య రచనలు అప్పట్లో తెల్లవాళ్లను నవ్వించాయి. ఇప్పుడు చదివితే ఇబ్బందిగా ఉంటుంది. బానిసలున్న ఇంట్లో పుట్టిన చూపు అది. ఆ వృద్ధుడి పేరులో సగాన్ని తన పేరుగా మార్చుకుని ప్రపంచం గుర్తుపెట్టుకునేలా చేసింది కానీ, ఆయన లాంటివాళ్ల గోడు మాత్రం ఆమె శీర్షికలో ఎక్కువగా వినిపించలేదు. అందరి గోడూ విన్న చెవికి కూడా వినపడని మూలలుంటాయి.

చివరి వరకూ...

భర్త పోయాక కూడా ఆమె కలం ఆగలేదు. అప్పటికి అరవై ఏడేళ్లు. ఆ వయసులో మన దగ్గర మనవల్ని ఆడించుకోమంటారు. ఆమె మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు ఉత్తరాలు చదివింది. ఎనభై ఎనిమిదో ఏట, 1950లో పక్షవాతం వచ్చి మంచాన పడేదాకా పనిలోనే ఉంది. 1951 డిసెంబరు 16న న్యూ ఆర్లీన్స్‌లో కన్నుమూసింది. తొంభై ఏళ్లు నిండిన నాలుగు వారాలకు. అదే ఊళ్లోని మెటైరీ శ్మశానవాటికలో ఆమె సమాధి ఉంది.

మంచాన పడ్డ ముప్ఫై ఏళ్ల ఇల్లాలు తన బాధను దిగమింగుకుని కూర్చోకుండా, దాన్నే పదిమందికి పనికొచ్చే అనుభవంగా మార్చుకుంది. ఆ పని చేస్తూ చేస్తూ తనూ నిలబడింది. పక్కింటావిడ కొన్న 3 డాలర్ల కథే ఇదంతటికీ మొదలు. మీ పక్కింట్లోనూ అలాంటి ఎలిజబెత్ ఎవరైనా ఉన్నారేమో... జాలిపడి వదిలేయకుండా ఓ పని చేతిలో పెట్టి చూడండి!

మీరూ ఈ దారిలో నడవాలనుకుంటే...

'లైఫ్ కోచ్' అన్నది 1990ల్లో ఒక వృత్తిగా రూపుదిద్దుకుంది. అమెరికాలో థామస్ లెనార్డ్ అనే ఆర్థిక సలహాదారు 1992లో ఈ పనికి శిక్షణ సంస్థను, 1995లో అంతర్జాతీయ కోచ్‌ల సమాఖ్యను మొదలుపెట్టాడు. ఇప్పుడు మన నగరాల్లోనూ చాలామంది ఆడవాళ్లు ఇటు వస్తున్నారు. నలుగురూ మీ దగ్గరికే వచ్చి గోడు చెప్పుకుంటున్నారంటే మీలో ఆ గుణం ఉన్నట్టే. అయితే అదొక్కటే చాలదు.

* వినడం నేర్చుకోవాలి. ఎదుటివాళ్లు సగం చెప్పగానే సలహా అందుకుంటే అది కోచింగ్ కాదు, పెత్తనం. నిర్ణయం వాళ్లది, దారి కనబడేలా చేయడమే మీ పని.

* చిన్నగా మొదలుపెట్టండి. అందరికీ అన్నీ చెప్పాలనుకోకండి. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలనుకునే తల్లులు, కొత్తగా పెళ్లయినవాళ్లు, పదవీ విరమణ చేసినవాళ్లు... మీకు బాగా తెలిసిన ఒక వర్గంతో మొదలుపెడితే మేలు.

* శిక్షణ తీసుకోండి. ఈ పని చేయడానికి మన దేశంలో ప్రత్యేకంగా లైసెన్స్ అంటూ లేదు. అందుకే ఎవరు పడితే వాళ్లు బోర్డు పెడుతున్నారు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పాఠాలెవరు చెబుతారో, మీ ముందు ఎన్ని గంటలు సాధన చేయిస్తారో ముందే అడిగి తెలుసుకోండి. పెద్ద మొత్తం ఒకేసారి కట్టేయకండి.

* గుట్టు కాపాడాలి. ఒకరు చెప్పుకున్న మాట పేరు మార్చి అయినా సరే ఇంకొకరి దగ్గర కథలా చెప్పకూడదు. ఒక్కసారి నోరు జారితే ఆ ఊళ్లో మీ దగ్గరికి ఇంకెవరూ రారు.

* ఫీజు మొదటే చెప్పండి. ఎన్నిసార్లు కలుస్తారో, ఎంతసేపో, ఎంత తీసుకుంటారో కాగితం మీద రాసుకుంటే మొహమాటాలుండవు. తెలిసినవాళ్లని ఊరికే చేస్తూపోతే అది వృత్తిగా నిలవదు.

* మీ హద్దు తెలుసుకోండి. నిద్రలేకపోవడం, చనిపోవాలనిపించడం, లేనివి వినబడటం లాంటివి చెబితే అది కోచ్ చేయాల్సిన పని కాదు. వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఇంట్లో కొడుతున్నారంటే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. జార్జ్ గిల్మర్ రోజుల్లో ఇలాంటివేవీ లేవు. ఇప్పుడున్నాయి, వాడుకోమని చెప్పడం కూడా సలహానే.